భవానీ ద్వీపంలో మళ్లీ కాంక్రీటు ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

భవానీ ద్వీపంలో ఏదో కొత్తగా కడతారన్న మాట వరద తగ్గిన ప్రతిసారీ వినపడుతూనే ఉంటుంది. నేను చెప్పేది ఒకటే. అక్కడ ఇక పక్కా కట్టడాలు వద్దు, టూరిజానికి వాడకుండా మిగిలిన భాగాన్ని ఉన్నదున్నట్టు వదిలేయండి.

ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణా నదిలో మా భవానీపురానికి ఎదురుగా ఉన్న 133 ఎకరాల లంక అది, నది ఏళ్ల తరబడి తెచ్చి పోసిన ఇసుకా ఒండ్రూ తప్ప కింద వేరే ఏమీ లేదు. 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు వస్తే మన జన్మలో మళ్లీ ఇంత వరద చూడంలే అనుకున్నాం. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది! మధ్యలో 2019లో కూడా ద్వీపం మునిగింది. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకే 1952 వరదలో గండి పడింది, ఆ తర్వాతే కదా ఇప్పుడున్న బ్యారేజీ కట్టుకుంది. ఆ నది ముందు మన కాటేజీలూ రేకుల షెడ్లూ ఏపాటి? పైగా 2024లో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు తగిలి గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు బరువుకు సరితూగేలా పెట్టే దిమ్మెలు) పగిలిన సంగతి ఊరంతా చూసింది, రేపు ద్వీపం మీది సామాను కొట్టుకొచ్చినా వెళ్లి తగిలేది ఆ గేట్లకే. నదిలో కట్టడాల గురించి 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఉంది, అది కరకట్ట వెంట కట్టిన ఇళ్ల గొడవలప్పుడు మాత్రమే గుర్తొస్తుంది మనవాళ్లకి.

ఇక పక్షులు. కాపురాలు లేని చోటు కాబట్టే కొంగలూ నీటికాకులూ అక్కడ నిలుస్తున్నాయి. నీటికాకి ఎండిన కొమ్మ మీద రెండు రెక్కలూ బార్లా చాపి కదలకుండా కూర్చోవడం పొద్దున్నే వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. బాతు రెక్కల మీద నీళ్లు జారిపోతాయి, దీని రెక్కలు మాత్రం తడుస్తాయి, అందుకే నీళ్లలో తేలిగ్గా మునిగి చేపను పడుతుంది, ఆ తర్వాత ఎండలో ఆరబెట్టుకోక తప్పదు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి స్పీడ్ బోటు రయ్యిమని పోతే తడి రెక్కలతోనే లేచి పోవాలి పాపం. నలుపూ తెలుపూ లకుముకి పిట్ట అయితే ఒడ్డు మట్టిలో బొరియ తవ్వుకుని గుడ్లు పెడుతుంది. అందం కోసమని ఒడ్డంతా రివిట్‌మెంటు రాళ్లు పేర్చేస్తే అది ఎక్కడికి పోవాలి?

టూరిజం వద్దని నేను అనను, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లడానికి బెజవాడలో మాల్స్ తప్ప ఇంకేం ఉంది గనక. కానీ వరద హెచ్చరిక రాగానే విప్పి ఒడ్డుకు చేర్చుకోగలిగే షెడ్లూ బెంచీలూ చాలవా? పక్షులుండే వైపు బోట్లు ఒడ్డుకు దగ్గరగా పోకుండా హద్దు పెట్టండి, డీజేలు ఆపించండి. అన్నట్టు, 2024 వరద తర్వాత ద్వీపం బాగుచేయడానికి ఎంత ఖర్చయిందో టికెట్ కౌంటర్ దగ్గర ఒక బోర్డు మీద రాసి పెట్టండి, టికెట్ కొనేది మేమే కదా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భవానీపురం, విజయవాడ