పరధ్యానం

తార్నాక, హైదరాబాద్.

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

పరీక్షలు దగ్గర పడుతున్నా హాస్టలు మేడమీద అరగంటసేపు ఊరికే కూర్చుండిపోయానని నిన్న ఫోనులో తప్పు ఒప్పుకున్నట్టు చెప్పావు. ఊరికే కూర్చోవడం తప్పని నీకు నేర్పినవాణ్ణి నేనే కనుక, ఆ మాట నన్ను రాత్రంతా వదలలేదు. ఆరో తరగతిలో లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి వేపచెట్టును చూస్తూ ఉండేదానివి. "మళ్లీ పరధ్యానమా?" అని గద్దించేవాణ్ణి. ఆ మాటలోనే ధ్యానం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

శరీరం బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, ఒంటికి అందే శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. మనం కష్టమైన లెక్క చేస్తున్నా, ఊరికే కూర్చున్నా ఆ ఖర్చులో తేడా చాలా స్వల్పం. ఏదైనా పని మీద దృష్టి నిలిపినప్పుడు మెదడులోని కొన్ని భాగాల చురుకుదనం తగ్గుతుందనీ, పని ఆపగానే తిరిగి పుంజుకుంటుందనీ గమనించిన అమెరికా శాస్త్రవేత్త మార్కస్ రేకల్, ఆయన సహచరులు 2001లో దాన్ని మెదడు సహజస్థితిగా వివరించారు. ఆ భాగాల అల్లికను ఇప్పుడు డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటున్నారు. జరిగినదాన్ని నెమరు వేసుకునేటప్పుడు, రాబోయేదాన్ని ఊహించుకునేటప్పుడు, ఎదుటివారి మనసులో ఏముందో అంచనా కట్టేటప్పుడు, నాకు నిజంగా ఏం కావాలని మనల్ని మనం అడుక్కునేటప్పుడు మేలుకొని ఉండేవి అవే. నీ అరగంటలో నీ మెదడు ఖాళీగా లేదు తల్లీ.

ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పాంకరే పదిహేను రోజులు ఒక సమస్యతో కుస్తీ పట్టి, తరువాత దాన్ని పక్కనపెట్టి భూగర్భ పరిశీలన యాత్రకు వెళ్లాడు. కూటాన్స్ అనే ఊళ్లో బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణాన, తను వాడిన పద్ధతులూ యూక్లిడ్‌కు భిన్నమైన జ్యామితిలోనివీ ఒకటేనని స్ఫురించిందట. ముందు ఆ పదిహేను రోజుల చాకిరీ లేకపోతే మెట్టు మీద స్ఫురించేదేమీ ఉండేది కాదని నా నమ్మకం. అందుచేత చదువు మానమని నేను చెప్పడం లేదు.

అయితే తిరిగే మనసు ఎప్పుడూ మేలే చేస్తుందని కూడా అనలేను. 2010లో సుమారు 2,250 మందిని పరిశీలించినప్పుడు, చేస్తున్న పని మీద మనసు లేని సమయాల్లో వారు తక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. అదే దిగులును పదేపదే తవ్వుకుంటున్నావని అనిపిస్తే లేచి నడువు, లేదా అమ్మకు ఫోను చెయ్యి.

నేనిప్పుడు తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఫోనును సంచిలోనే ఉంచుతున్నాను. మొదటి రోజుల్లో చేతులకు ఏమీ తోచేది కాదు. ఈ ఉత్తరంలోని మొదటి మాటలు ఈ ఉదయం బేగంపేట దాటాక వచ్చాయి.

శనివారం వస్తున్నావు కదా. నీ కుర్చీని మళ్లీ కిటికీ దగ్గరకు జరిపాను. నువ్వు లేచేదాకా పిలవను.

నీ
నాన్న