పురుగు ఫొటోకు ముందు కదలని బల్ల కావాలి

సంపాదకులకు నమస్కారం.

కీటకాల ఫొటోలపై ఆసక్తిగల విద్యార్థులు ముందుగా ఖరీదైన కెమెరా కోసం ఆరాటపడటం నన్ను బాధిస్తోంది. వస్తువును నాలుగు రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోప్ కటకాన్ని, అంటే సాధారణ 4ఎక్స్ ఆబ్జెక్టివ్‌ను కెమెరాకు బిగిస్తే ఒక్క ఫొటోలో స్పష్టంగా కనిపించే మందం సుమారు 0.05 మి.మీ. మాత్రమే కాబట్టి, 4 మి.మీ. లోతున్న పెంకుపురుగును పూర్తిగా పట్టాలంటే కెమెరాను కొద్దికొద్దిగా జరిపే పట్టాలాంటి పరికరంపై (ఫోకసింగ్ రైల్) 0.04 మి.మీ. చొప్పున జరుపుతూ దాదాపు 100 ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌తో ఒక్కటిగా కలపాలి. ఫ్యాను గాలి తగిలినా, పక్కగదిలో ఎవరైనా నడిచినా ఆ శ్రమంతా వృథా. మా ఇంట్లో గ్రానైట్ పలక కింద రబ్బరు ముక్కలు పెట్టాకే పురుగు కంటిలోని గళ్లు విడివిడిగా కనిపించాయి. పెంకు అద్దంలా మెరుస్తుంది కనుక చుట్టూ ట్రేసింగ్ పేపరును గొట్టంలా నిలిపి, ఫ్లాష్ వెలుగు దాని గుండా పడేలా చూడాలి. ఇందుకోసం పురుగులను చంపవద్దని, కిటికీ దగ్గర చచ్చిపడినవి చాలని మనవి.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు