మీ దుప్పటిలో పడిన చిల్లు గురించి

మా దగ్గర క్రోషా దుప్పట్లు తీసుకున్న అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

దసరా నుంచి సంక్రాంతి దాకా నూలు దారంతో అల్లి మీకు ఇచ్చిన పసిపిల్లల దుప్పట్లు మొత్తం 41. వాటిలో లోపం ఉంది. నాలుగైదు ఉతుకులు పడేసరికి దుప్పటిలో కలిపి కుట్టిన అల్లిక చదరాల నడుమ దారం వదులై చిల్లు పడుతోంది. ఇప్పటికి 14 దుప్పట్లు తిరిగి వచ్చాయి. మిగిలిన 27 మీ ఇళ్లలోనే ఉన్నాయి. దయచేసి వాటిని పిల్లలకు కప్పడం ఈరోజే ఆపండి. తప్పు ఎక్కడ జరిగిందో, ఏం చేయబోతున్నానో దాచకుండా చెబుతాను. ఉత్తరం కొంచెం పొడుగే అవుతుంది, ఓపికగా చదవండి.

సంక్రాంతి వెళ్లిన వారం చంద్రగిరి నుంచి ఒక అమ్మాయి దుప్పటిని సంచిలో పెట్టుకుని తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటికి వచ్చింది. బాబుకు అయిదో నెల. కోపంగా ఒక్క మాట అనలేదు. దుప్పటిని బల్ల మీద పరిచి ఒక చదరం చూపించింది. పసుపు రంగుతో మొదలయ్యే నడిమి చుట్టులో రూపాయి బిళ్ళంత చిల్లు. దారపు కొస అంగుళం పైగా బయటికి వచ్చి వేలాడుతోంది. “రాత్రి బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే లైటు వేసి చూశాను. కాలి బొటనవేలు ఇందులో ఇరుక్కుని ఉందక్కా” అంది. వేలు ఎర్రబడిందే కానీ గాయం కాలేదట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ దుప్పటి బాబు బారసాలకని నేనే రంగులు ఎంచి ఇచ్చాను.

ఆమె వెళ్లాక దుప్పటిని తిరగేసి 63 చదరాలనూ ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి చూశాను. 11 చోట్ల నడుమ కదిలింది. మాతో ఆరుగురు అల్లుతారు. అల్లిక బిగువు చూస్తే ఏ చదరం ఎవరి చేతిదో నాకు తెలిసిపోతుంది. ఆ 11లో నాలుగు నా చేతివే.

ఎందుకిలా అయిందో అర్థం కావాలంటే ఈ చదరం ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. దీన్ని గ్రానీ స్క్వేర్ అంటారు. నడుమ నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా బయటికి అల్లుతూ పోతాం. మూడేసి కుట్లు కలిస్తే ఒక గుత్తి. మొదటి చుట్టులో 4 గుత్తులు, రెండో చుట్టులో 8, అలా నాలుగేసి పెరుగుతూ అయిదో చుట్టుకు 20 అవుతాయి. మొత్తం 60 గుత్తులు, 180 కుట్లు. అప్పటికి చదరం సుమారు 5 అంగుళాలు వస్తుంది. అలాంటివి అడ్డంగా 7, నిలువుగా 9 కలిపితే ఒక దుప్పటి.

మీలో ఎక్కువమంది ఇష్టపడేది ప్రతి చుట్టుకూ ఒక రంగు మారే నమూనా. రంగు మారిన ప్రతిసారీ దారం తెంచాలి. చుట్టు మొదలైన చోట ఒక కొస, ముగిసిన చోట ఒక కొస మిగులుతాయి. వాటిని మేము తోకలంటాం. అయిదు రంగుల చదరానికి 10 తోకలు, 63 చదరాలకు 630. ఒక్కొక్క తోకనూ లావు సూదికి ఎక్కించి, కుట్ల వెనక కనపడకుండా దాచి, ఆ తర్వాతే కత్తిరించాలి. సరిగా చేస్తే ఒక్కో తోకకు నిమిషం పడుతుంది. అంటే దుప్పటికి పదిన్నర గంటలు. అందులో అల్లే ఆనందం ఏమీ లేదు. తల వంచుకుని సూది గుచ్చడమే.

ఆ 630లో ప్రాణం లాంటివి నడుమ ఉండే 63. మేము చదరాన్ని మ్యాజిక్ రింగ్ పద్ధతిలో మొదలుపెట్టేవాళ్లం. దారాన్ని వేలికి ఉంగరంలా చుట్టి, ఆ ఉంగరంలోకి మొదటి చుట్టు 12 కుట్లు వేసి, కొస పట్టుకుని లాగితే నడుమ పువ్వు మొగ్గలా మూసుకుపోతుంది. చూడడానికి చాలా అందంగా ఉంటుంది. కానీ దాన్ని మూసి ఉంచేది ఆ కొస ఒక్కటే. అది జారిందంటే ఉంగరం తెరుచుకుంటుంది.

ఇదే పద్ధతిలో మూడేళ్లు ఆక్రిలిక్ అనే కృత్రిమ ఊలుతో అల్లాం. ఒక్క దుప్పటి కూడా విప్పుకోలేదు. మరి ఇప్పుడెందుకు విప్పుకుంది? దారం మారింది. తిరుపతిలో ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊలు దుప్పటి కప్పితే పిల్లకు చెమటకాయలు వస్తున్నాయని మీలో చాలామంది అన్నారు. ఆ మాట నిజం. అందుకే కిందటి దసరాకు నూలుకు మారాను. మెరుపున్న మెర్సరైజ్డ్ నూలు తెప్పించాను. నూలును బిగువుగా పట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి తీయడం వల్ల దానికి ఆ మెరుపు, ఆ నునుపు వస్తాయి. నా కళ్లు మెరుపు దగ్గరే ఆగిపోయాయి. నునుపు సంగతి ఆలోచించలేదు.

అసలు ఈ చదరం పుట్టిందే ఊలు కోసం. మిగిలిపోయిన ఊలు ముక్కలను వృథా పోనీయకుండా కలిపి అల్లుకునే పద్ధతి ఇది. అమెరికాలో ప్రెయిరీ ఫార్మర్ అనే పత్రిక 1885లోనే దీని నమూనా అచ్చువేసింది. గొర్రె ఊలు పోగు మీద కంటికి కనపడని పొలుసులు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి కొస పొట్టిగా ఉన్నా అంత తొందరగా జారదు. ఆక్రిలిక్‌కు పొలుసులు లేకపోయినా నూగు ఉంటుంది. మెర్సరైజ్డ్ నూలుకు ఆ రెండూ లేవు. వాషింగ్ మెషీన్‌లో నాలుగుసార్లు తిరిగితే పొట్టి తోక జారిపోక ఏం చేస్తుంది?

ఆ తోకను పొట్టిగా కత్తిరించమన్నది నేనే. ఆరంగుళాలు వదిలే చోట రెండంగుళాలు చాలన్నాను. దారం ఆదా అవుతుందనుకున్నాను. పండగ గిరాకీ మీద ఉన్నాం, పని తొందరగా తెమలాలి. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అది రాయడానికి మనసు కష్టంగా ఉన్నా రాస్తాను.

మా దగ్గర అల్లే వాళ్లకు చదరానికి 20 రూపాయలు ఇచ్చేదాన్ని. చెయ్యి తిరిగిన మనిషికి ఒక చదరం 20 నిమిషాలు పడుతుంది. గంటకు మూడు, అంటే 60 రూపాయలు. తోకలు దాచే పని ఆ 20 రూపాయల్లోనే కలిసి ఉందని నేను అనుకునేదాన్ని. ఆ పదిన్నర గంటలకు నేను విడిగా పైసా ఇవ్వలేదు. ఇంట్లో వంట ముగించుకుని, పిల్లలను బడికి పంపి, దొరికిన మధ్యాహ్నంలో అల్లే మనిషి కూలి రాని పనిని ఎంతసేపని చేస్తుంది? సూది ఒకసారి గుచ్చి, లాగి, కత్తిరించింది. నేను అల్లిన చదరాల్లోనూ అదే జరిగింది. కాబట్టి ఈ విషయంలో మా వాళ్లను ఎవరూ ఒక్క మాట అనవద్దు. దారం అమ్మినవారిని కూడా అనను. దారం మంచిదే.

మా అవ్వ పాత చీరలతో బొంత కుట్టేది. మిద్దె మీద నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా కూర్చునేది. దారం అయిపోవచ్చినప్పుడు ముడి వేసి ఊరుకునేది కాదు. వచ్చిన దారినే నాలుగు కుట్లు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి పక్కకు తిరిగి, కొసను రెండు గుడ్డల నడుమకు తోసి అప్పుడు తెంచేది. ఆ బొంత ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. చీరలు చీకిపోయి చిరుగులు పట్టాయి. ఒక్క కొస కూడా బయటికి రాలేదు. ఈ నెల దాన్ని తీసి వెనక వైపు వెతికి చూశాను. కొసలు ఎక్కడ దాచిందో నాకు దొరకలేదు.

ఇప్పుడు మేము చేస్తున్నది కూడా అదే. నూలు చదరాలను మ్యాజిక్ రింగ్‌తో మొదలుపెట్టడం మానేశాం. నాలుగు గొలుసు కుట్లు వేసి చుట్టుగా కలిపి అక్కడి నుంచి అల్లుతున్నాం. నడుమ చిన్న బెజ్జం కనిపిస్తుంది, మొగ్గలా మూసుకోదు. ఆ అందం కొంచెం తగ్గుతుంది. కానీ ఆ బెజ్జం ఎంత ఉందో ఎప్పటికీ అంతే ఉంటుంది, పెరగదు. ప్రతి తోకా ఆరంగుళాలు వదులుతున్నాం. దాన్ని ఒక వైపు నడిపి, వెనక్కి తిప్పి, మూడోసారి ఇంకో దిక్కుకు మళ్లించి దాస్తున్నాం. వెనక్కి తిరిగేటప్పుడు సూది దారం పక్క నుంచి కాకుండా దారం పోగును చీల్చుకుంటూ పోవాలి. అదే అసలు పట్టు. ఇలా చేసిన నాలుగు చదరాలను ఇంట్లో మెషీన్‌లో పన్నెండుసార్లు ఉతికాను. ఒక్క కొసా కదల్లేదు.

మీ దగ్గరున్న దుప్పట్లకు మరమ్మతు ఉచితం. 11 చదరాలే వదులయ్యాయని 11తో సరిపెట్టం, 63 చదరాలకూ నడుమ బాగుచేస్తాం. అదే రంగు కొత్త దారంతో నడిమి 12 కుట్ల పాదాల గుండా రెండుసార్లు చుట్టూ తిప్పి, బిగించి, పైన చెప్పినట్టు దాస్తాం. ఒక దుప్పటికి రెండు రోజులు పడుతుంది. ఈ పనికి మా వాళ్లకు కూలి నేను ఇస్తున్నాను. దుప్పటి ఇక వద్దనుకుంటే పూర్తి డబ్బు వాపసు ఇస్తాను. ఇప్పటికే ఇద్దరు తీసుకున్నారు. వాళ్ల మీద నాకు ఏ మాత్రం కష్టం లేదు, చంటిబిడ్డ విషయంలో ఎవరైనా అలాగే ఆలోచిస్తారు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. బయటికి వచ్చిన తోకను కత్తిరించకండి. చూడడానికి బాగా లేదని కత్తెర వేస్తే చదరం మొత్తం విప్పుకునే దారి మీరే తెరిచినట్టు. గట్టిగా లాగి ముడి వేయవద్దు కూడా. అలాగే వదిలేసి మాకు పంపండి. నూలు సంచులకు లోపల గుడ్డ లైనింగు వేసి కుట్టాం కాబట్టి వాటికి ఈ బెడద లేదు. గుమ్మం తోరణాలు ఆక్రిలిక్‌తో చేసినవి, వాటికీ భయం లేదు.

ఇక ధర. ఇప్పటిదాకా అయిదు రంగుల నూలు దుప్పటి 3,200 రూపాయలు. అందులో దారం 1,300, చదరాలకు 1,260, కలిపి కుట్టి అంచు అల్లినందుకు 300, మిగిలిన 340లో కవర్లు, కరెంటు, నా బతుకు. ఇకపై తోకకు ఒక రూపాయి లెక్కన 630 విడిగా ఇస్తాను. చదరాలను తడిపి పలక మీది మేకులకు తగిలించి ఒకే కొలతకు ఆరబెట్టే పనికి 120. అది కూడా ఇన్నాళ్లూ లెక్కలో లేని పనే. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు పలక మీద చదరం ఆరడానికి రెండు రోజులు పడుతుంది. కొత్త ధర 3,950. నా వాటా పెంచుకోలేదు.

అంత పెట్టలేని వారి కోసం ఇంకో దారి ఆలోచించాను. ఒకే రంగు చదరం అయితే తోకలు రెండే. దుప్పటికి 126. చదరానికి ఒక రంగు చొప్పున ముగ్గులా పేర్చుకోవచ్చు. దాని ధర 3,450. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది. మామిడిపండు పసుపు, మీగడ తెలుపు, తమలపాకు పచ్చ కలిపి ఒకటి అల్లాం, కళ్లకు చల్లగా ఉంది.

ఆన్‌లైన్‌లో ఇంతకంటే చౌకగా దొరుకుతున్నాయని కొందరు అడుగుతున్నారు. గ్రానీ స్క్వేర్లు అల్లే ఫ్యాక్టరీ యంత్రం లేదు. ఎంత చౌకగా అమ్మినా అది ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. ఆ చేతికి ఎంత ముట్టిందో లెక్క వేసుకోవచ్చు. మీది నర్సాపురం లేసా అని కూడా అడుగుతుంటారు. కాదు. నాకు అల్లిక నేర్పిన పిన్ని అటువైపు నుంచి వచ్చిన మనిషే, కానీ అది సన్నని దారంతో చేసే వేరే పని. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరు వాళ్లది, నా చీటీ మీద వేయను.

మరమ్మతులన్నీ ముగిసేదాకా, అంటే ఉగాది వరకు, కొత్త ఆర్డర్లు తీసుకోను. ముందే డబ్బు కట్టిన తొమ్మిది మందికి పాత ధరకే కొత్త పద్ధతిలో అల్లి ఇస్తాం. ఆగలేకపోతే డబ్బు వెనక్కి పంపుతాను.

తిరుపతిలో ఉన్నవారు ఫోను చేస్తే నేనే వచ్చి తీసుకెళతాను. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు వారు కొరియర్‌లో పంపండి, రెండు వైపుల ఖర్చూ నాదే. ఉతికి పంపాల్సిన పని లేదు. పాల మరకలున్నా, పసుపు మరకలున్నా అలాగే ఇచ్చేయండి. మరమ్మతు అయ్యాక మేమే ఉతికి, ఆరబెట్టి, ప్రతి చదరాన్నీ నొక్కి చూసి పంపిస్తాం.