భూమి అక్షం ఎటు చూస్తుంది?

చిరంజీవి చిన్నమ్మకి,

ఆశీస్సులు. మొన్న ఫోనులో నువ్వు "భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్లినప్పుడే వేసవి వస్తుంది కదా నాన్నా?" అని అడిగితే, పని తొందరలో "కాదు" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. నీ వయసులో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పొయ్యికి దగ్గరగా జరిగితే సెగ తగులుతుంది కాబట్టి ఆ ఊహ సహజమైనదే.

అయితే లెక్క చూడు. భూమి సూర్యుడికి అతి సమీపంగా, అంటే సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. అప్పుడు ఉత్తరార్ధగోళంలో చలికాలం. జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్ల కిలోమీటర్లకు పెరిగినా అక్కడ ఉండేది వేసవే. పైగా దూరమే కారణమైతే భూమి అంతటా ఒకేసారి ఎండలు ముదరాలి కానీ, ఉత్తరాన వేసవి ఉన్న నెలల్లో దక్షిణార్ధగోళంలో చలికాలం నడుస్తుంది.

అసలు కారణం ఒరుగు. భూమి అక్షం నిటారుగా లేదు, 23.4 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంది. ఇక్కడే, పాఠాల్లోని బొమ్మల పుణ్యమా అని, చాలామంది పొరబడి భూమి ఆరు నెలలు ఇటూ ఆరు నెలలు అటూ వంగుతుందనుకుంటారు. గది మధ్య దీపం పెట్టి, ఒక బంతికి పుల్ల గుచ్చి వాలుగా పట్టుకుని, పుల్ల పై కొన ఎప్పుడూ ఒకే కిటికీ వైపు చూపేలా దీపం చుట్టూ నడువు. కిటికీ దగ్గర ఉన్నప్పుడు ఆ కొన దీపానికి పెడమొహం పెడుతుంది. ఎదుటి గోడ దగ్గరికి చేరేసరికి, పుల్లను నువ్వు కదపకపోయినా, అదే కొన దీపం వైపు వంగి ఉంటుంది. భూమికి ఆ కిటికీ ధ్రువనక్షత్రం.

ఇక వంగినంత మాత్రాన వేడెందుకు పెరగాలంటావా? టార్చిని గళ్ల కాగితం మీద నిట్టనిలువుగా వేసి, వెలుగు పడిన గళ్లు లెక్కపెట్టు. తర్వాత కాగితానికి 30 డిగ్రీల వాలులో పట్టుకుంటే అదే వెలుగు ఇంచుమించు రెట్టింపు గళ్ల మీద పరుచుకుని, ఒక్కో గడికి సగమే దక్కుతుంది. దీనికి పగటి నిడివి కూడా తోడవుతుంది: 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్ 21 ప్రాంతంలో పగలు దాదాపు 19 గంటలుంటే, డిసెంబరు 21 ప్రాంతంలో 6 గంటలైనా నిండదు.

దీపం చుట్టూ నడిచేటప్పుడు, పుల్ల దీపం వైపూ కాక, దానికి పెడగానూ కాక పక్కకు చూపే చోట్లు రెండు తగులుతాయి. అక్కడ ఆగి బంతిని పరిశీలించు: వెలుగు నీడల గీత సరిగ్గా పుల్ల గుచ్చిన రెండు చోట్ల మీదుగా పోతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజులు అవే.

నాన్న