నీ కథలకు పాఠకులు ఎక్కడున్నారంటే

కడప

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కథల సంపుటి అచ్చయి ఏడాది కావస్తున్నా సగానికి పైగా ప్రతులు ఇంట్లోనే కట్టలుగా పడి ఉన్నాయనీ, పేరున్న రచయితలకు పంపిన ప్రతులకు ఒక్క జవాబైనా రాలేదనీ, ఇక రాయడమే మానేద్దామనుకుంటున్నావనీ చదివి నాకు చాలా బాధ కలిగింది. నువ్వు మానవలసిన అవసరం ఏమీ లేదు. నీ కథలు మంచివి. అవి చేరవలసినవాళ్లకు ఇంకా చేరలేదు. ఈ విషయం గురించి నేను కూడా చాలాకాలంగా ఆలోచిస్తున్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

హైదరాబాదులో అంత ఖర్చు పెట్టి ఆవిష్కరణ సభ జరిపావు. మన సభల తీరు నీకు తెలియనిది కాదు. వేదిక నిండా వక్తలు ఉంటారు, వారిలో పుస్తకం పూర్తిగా చదివి వచ్చినవారు ఒకరో ఇద్దరో ఉంటారు, శాలువాలకూ జ్ఞాపికలకూ చాలా సమయం పోతుంది, చివరికి రచయిత స్పందన వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. ఆ సాయంత్రం వచ్చినవారికి నీ పేరు తెలిసింది గాని నీ కథల్లో ఏముందో తెలియలేదు. దానికి బదులు, పుస్తకాన్ని ముందే చదివిన ఏడెనిమిది మంది ఒక బడి గదిలో కూర్చుని, నీ కథ ఒక్కటే తీసుకుని, ఆ రైతు అలా చేసి ఉండవలసింది కాదని ఒకరూ, అతనికి వేరే దారి లేదని మరొకరూ వాదించుకుంటే, అది నీకు ఎన్నో రెట్లు మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. అలా వాదించినవాడు ఇంటికి వెళ్లి ఊరుకోడు. భార్యతోనో తోటి ఉద్యోగితోనో ఆ కథ చెబుతాడు, వాళ్లు పుస్తకం అడుగుతారు.

ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లినప్పుడల్లా నాకు ఈ ఆలోచనే వస్తుంది. సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించేనాటికే అవి ఊరూరా జనం నోళ్లలో ఉన్నాయి. బ్రౌన్ చేసిన మేలు అపారమైనదే, కానీ అంతవరకు ఆ పద్యాలను కాపాడుకుంటూ వచ్చినవాళ్లు విన్నదాన్ని మరొకరికి వినిపించిన మామూలు మనుషులే. నేటి రచయితకూ అటువంటి మనుషులే దిక్కని నేను అనుకుంటున్నాను.

మరి నీకు అటువంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు? నువ్వు రాసింది లింగాల, పులివెందుల చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల గురించి, ఎండిపోయిన బోర్ల గురించి, అప్పు చేసి మళ్లీ బోరు వేయించే రైతుల గురించి. పుస్తకాన్ని మాత్రం హైదరాబాదులో పంచిపెట్టావు. వేంపల్లెలోనూ పులివెందులలోనూ తెలుగు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు ఎంతమంది లేరు! చదువుకుని సేద్యం చేస్తున్న కుర్రవాళ్లు ఎంతమంది లేరు! తమ తోట, తమ మండీ, తమ దళారి ఒక కథలో కనిపించినప్పుడు వాళ్లు చదివే తీరు వేరుగా ఉంటుంది. తప్పులు కూడా వాళ్లే పట్టుకుంటారు, అదీ నీకు అవసరమే.

మన సీమ యాస కోస్తా పాఠకులకు అర్థం కాదేమోనన్న నీ భయం నాకు సరైనదిగా తోచలేదు. కేతు విశ్వనాథరెడ్డి గారు మన జిల్లా జీవితాన్నే కథలుగా రాసి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు ఇక్కడి గొర్రెల కాపరుల జీవితాన్ని ఇక్కడి మాటల్లోనే రాసిన ‘కొండపొలం’ అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా నడిపే నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. మాట కొత్తదైనా మనిషి నిజమైనవాడైతే పాఠకుడు ఓపిక పడతాడు. కనుక ఆ భయంతో యాసను దయచేసి మార్చకు.

నువ్వు తొందరపడినది ఒక్కచోటేనని నాకు అనిపిస్తుంది. సంపుటిలోని కథల్లో ఎక్కువ భాగం ఎక్కడా అచ్చు కాకుండానే నేరుగా పుస్తకంలోకి వచ్చాయి. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడుతున్న ఈ రోజుల్లో అది కష్టమే, కాదనను. అయినా ఆదివారం అనుబంధాలు ఉన్నాయి, సాహిత్య మాసపత్రికలు ఉన్నాయి. పత్రికలో ఒక కథ, కొన్ని నెలలకు మరొకటి, ఇలా వస్తూ ఉంటే పాఠకుడికి నీ పేరు పరిచయమవుతుంది, పుస్తకం కనిపించినప్పుడు చెయ్యి దానివైపు వెళుతుంది. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏడాదికొకటిగా తెస్తున్న కథా సంకలనాల వంటివాటికి కథలను ఏరేవాళ్లు కూడా ముందు పత్రికలే చూస్తారు. ఇకముందు రాసే ప్రతి కథనూ ముందు పత్రికకు పంపు. తిరిగి వస్తే మరోసారి చదువుకుని మరో పత్రికకు పంపు.

విమర్శకుల విషయంలో పొగడ్త కోసం చూడకు. విమర్శకులు రాచమల్లు రామచంద్రారెడ్డి గారు ‘సంవేదన’ పత్రిక నడిపిన జిల్లా మనది. నిర్మొహమాటంగా చెప్పే చదువరి విలువ మనకు తెలియాలి. నీ కథలోని లోపాన్ని ఎత్తిచూపుతూ ఎవరైనా ఒక పేజీ సమీక్ష రాస్తే, ‘అద్భుతం’ అనే ఒక్క మాట వందసార్లు విన్నదానికంటే అది ఎక్కువ మంది చేత నీ పుస్తకాన్ని చదివిస్తుంది.

మిగిలినవి చిన్న పనులు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి ఒక ప్రతి తప్పక పంపు. పరిశోధకులు వెదికేది అక్కడే. యోగి వేమన విశ్వవిద్యాలయం తెలుగు శాఖకూ, జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ తలా రెండు ప్రతులు ఇవ్వు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఒక్కడివే దుకాణం తీసుకోనక్కరలేదు, మన సీమ రచయితలు నలుగురు కలిస్తే సరిపోతుంది. ఫోన్లలో అందరికీ ముఖచిత్రం పంపడం మానేసి, ఒక మంచి కథను నీ గొంతుతోనే చదివి పంపు. మా ఇంట్లోవాళ్లు వంట చేసుకుంటూ అటువంటి కథలు శ్రద్ధగా వింటారు, విన్నాక పుస్తకం ఉందా అని అడుగుతారు.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ వారంలో రెండు రోజులు సెలవు పెట్టి ఇక్కడికి రా. వేంపల్లెలో నాకు తెలిసిన ఉపాధ్యాయులకు ఇప్పుడే కబురు చేస్తాను. వాళ్లు ముందుగా చదవడానికి పది ప్రతులు ఈ వారంలోనే బస్సు పార్సెల్‌లో వేయించు. బోరు కథ గురించే మాట్లాడదామని వాళ్లకు చెబుతాను, నువ్వు వేరే కథ అనుకుంటే వెంటనే తెలియజేయి. ఇంట్లో అందరినీ అడిగినట్లు చెప్పు.

ఇట్లు
నీ మిత్రుడు