నేపాల్ రూపాయి పడిందంటే కారణం ఖాట్మండులో వెతకొద్దు

సంపాదకుల వారికి,

నేపాల్ రూపాయి డాలరుకు 140 దాటిపోయిందని, అక్కడి రాజకీయ గొడవలే దానికి కారణమని మొన్న మీ బిజినెస్ పేజీలో ఒక చిన్న వార్త వేశారు. 140 దాటిన మాట నిజమే. కారణం మాత్రం తప్పు. మన రూపాయి డాలరుకు ఎంతుందో చూసి దాన్ని 1.6తో గుణించండి, వాళ్ల రేటు వచ్చేస్తుంది. మనది 87.50 తాకిన రోజే వాళ్లది 140 తాకాలి. ఖాట్మండులో ప్రభుత్వం ఉన్నా ఊడినా అంతే.

100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు అన్నది 1993 ఫిబ్రవరి నుంచి కదల్లేదు. మావోయిస్టుల యుద్ధం జరిగింది, రాజరికం పోయింది, 2015లో భూకంపం వచ్చింది, మరుసటేడు మన నోట్ల రద్దు వాళ్ల నెత్తిన కూడా పడింది (అక్కడి జనం దగ్గర మిగిలిపోయిన మన పాత 500, 1000 నోట్లు మార్చే ఏర్పాటు ఏళ్లు గడిచినా కుదరలేదు, అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి), అయినా ఆ 160 అక్కడే ఉంది.

అలాగని ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. మన రిజర్వు బ్యాంకు లాంటి నేపాల్ రాష్ట్ర బ్యాంక్ పుట్టిందే 1956లో. అంతకుముందు మన సరిహద్దును ఆనుకున్న తరాయి మైదానాల బజార్లలో చెలామణి అంతా మన రూపాయిదే, వాళ్ల రూపాయి విలువ మన రూపాయితో పోలిస్తే ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండేది. 1960 ఏప్రిల్‌లో 100కి 160 అని ఖాయం చేశారు. ఆ తర్వాత 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం మన రూపాయి విలువను ఒక్కసారిగా తగ్గించి డాలరు రేటును 4.76 నుంచి 7.50కి తీసుకెళ్లింది. నేపాల్ తగ్గించలేదు, తన 7.62 దగ్గరే నిలబడింది. దాంతో 100కి 160 ఉన్నది కాస్తా 101 చిల్లరకు వచ్చేసింది, అంటే ఇంచుమించు మనతో సమానం! వినడానికి నేపాల్‌కి ఎంత గొప్పో అనిపిస్తుంది. కానీ సరిహద్దు దాటి మనకు బియ్యం అమ్ముకునే నేపాలీ రైతు వైపు నుంచి చూడండి, నిన్నటిదాకా ఇక్కడ సంపాదించిన వంద ఇంటికెళ్తే 160 అయ్యేది, ఇవాళ 101 అవుతోంది, పైగా మన సరుకు అక్కడ చౌకై కూర్చుంది. ఏడాదిన్నర ఓర్చుకుని, బ్రిటన్ పౌండు విలువ తగ్గించిన మరుసటి నెలే, 1967 డిసెంబరులో నేపాల్ కూడా డాలరును 10.125 చేసుకుంది. మన వందకు 135 అయింది. అక్కణ్ణుంచి 139, 145, 1985లో ఏకంగా 170, తర్వాత దిగుతూ 1991లో 165, చివరికి 1993లో మళ్లీ 160.

ఇంత తిరిగాక కదలకుండా ఎందుకు కట్టేసుకున్నారంటే, వాళ్ల వ్యాపారంలో మూడింట రెండొంతులు మనతోనే, సరిహద్దేమో తెరిచే ఉంటుంది. అయితే ఇది ఊరికే వచ్చేది కాదు. మన దగ్గర సరుకు కొనడానికి చాలినన్ని భారత రూపాయలు లేక నేపాల్ రాష్ట్ర బ్యాంక్ డాలర్లు అమ్మి వాటిని కొంటుంది. ఆ డాలర్లలో పెద్ద వాటా వలస వెళ్లిన వాళ్ల చెమట. మా నిజామాబాద్ వైపు నుంచి ఖతార్, దుబాయ్ వెళ్లిన వాళ్లను అడగండి, క్యాంపు గదిలో పక్క మంచం నేపాల్ వాడిదే అయి ఉంటుంది. రియాల్‌కి మన రూపాయల్లో రేటు పెరిగిందని మనవాడు ఇంటికి డబ్బు పంపడానికి పరిగెత్తే రోజునే నేపాల్ వాడూ పరిగెత్తుతాడు. వాడి రేటు కూడా మన రూపాయి వెనకే నడుస్తుంది మరి.

పశుపతినాథ్, ముక్తినాథ్ వెళ్లే మనవాళ్లకు ఒక మాట. అక్కడ రుద్రాక్షమాల ధర అడిగితే దుకాణదారు ముందు 'ఐసీయా, ఎన్సీయా' అంటాడు, అంటే ఇండియన్ కరెన్సీయా, నేపాలీ కరెన్సీయా అని. 800 ఎన్సీ మాలకు సరైన లెక్కలో 500 ఐసీ చాలు. కొందరు వందకు 150 చొప్పునే కట్టి 530 పైన లాగుతారు, గుడి దగ్గర బేరమాడితే పాపమనుకుని మనవాళ్లు నోరు మెదపరు. రేటు 160, అడగండి.

సొంత కారణాలతో పడటం అంటే శ్రీలంకది. 2022 మార్చి మొదట్లో డాలరుకు 200 దగ్గరున్నది మే నాటికి 360 ప్రాంతానికి వెళ్లిపోయింది, మన రూపాయేమో అన్నాళ్లూ 76, 77 దగ్గరే ఉంది. నిజానికి 1966కి ముందు సిలోన్ రూపాయీ మన రూపాయీ సమానం. శ్రీలంకనీ నేపాల్‌నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

నేపాల్ వార్తకు ఒక సవరణ వేయండి. అలాగే డాలరు, పౌండు, యూరో రేట్లు వేసే ఆ చిన్న పట్టికలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లకు కూడా మూడు వరుసలు ఇవ్వండి, నేపాల్ వరుస ఎలాగూ రోజూ మార్చే పని ఉండదు.

మీ పాఠకుడు,
నిజామాబాద్