పండక్కి ఊరెళ్లేవాళ్లు కెమెరా రికార్డింగ్ చూసుకోండి

అందరికీ నమస్కారం. సంక్రాంతికి తాళం వేసేవాళ్లు ఈ ఆదివారంలోగా ఇవి చేసేయండి.

డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె) టీవీ కింద వద్దండీ. దొంగ ముందు పట్టుకుపోయేది దాన్నే, రికార్డింగ్ మొత్తం అందులోనే ఉంటుంది. అటక మీద, గాలి ఆడేచోట పెట్టండి. మూసిన బీరువాలో వేడికి హార్డ్ డిస్క్ పాడవుతుంది.

4 కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల రికార్డింగ్) అయితే 1 టీబీ డిస్క్ సుమారు 11 రోజులకే నిండి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. 15 రోజులు వెళ్తుంటే 2 టీబీ వేయించండి.

నిన్న రాత్రి 2 గంటలప్పటి రికార్డింగ్ ప్లే చేసి చూడండి. లైవ్ వస్తున్నా రికార్డు కాకపోవచ్చు. తేదీ, టైమ్ కూడా సరిచూడండి.

డీవీఆర్‌కి కంపెనీ పెట్టి ఇచ్చిన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లొద్దు, కెమెరాలూ ఆగిపోతాయి.

వెళ్లే తేదీలు గ్రూప్‌లో పెట్టకుండా నాకు విడిగా పంపండి, పోలీస్ స్టేషన్‌లోనూ చెప్పండి.